ఇంట్లో ఆల్బమ్ మొత్తం 5.1 సరౌండ్‌లో వినాలంటే: బండల నేల దగ్గర్నించి రిసీవర్ సెట్టింగ్ దాకా

మా వైపు ఊర్లల్లో చెక్కభజన ఎప్పుడైనా వలయం మధ్యలో నిల్చొని విన్నారా? బయట నిల్చున్నోళ్లకి చప్పుడంతా ఒకే పక్కనుంచి వస్తాది. అదే మధ్యలో గురువు పక్కన నిల్చుంటే చెక్కల చప్పుడు ముందు మొదలై కుడి చెవి పక్కనుంచి వెనక్కి పోయి మళ్లీ ఎడమ వైపు నుంచి తిరిగొస్తాది, పాట మాత్రం కదలకుండా ఎదురుగా ఉంటాది. చిన్నప్పుడు ఆదోని దగ్గర మా అమ్మమ్మ ఊర్లో రాములోరి గుడి ముందు అట్ల విన్నా. చానా ఏళ్ల తర్వాత కర్నూల్లో మా హాల్లో ఒక ఆల్బమ్ 5.1 మిక్స్ (చుట్టూ ఐదు స్పీకర్లు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్ కోసం చేసింది) మొదటిసారి సరిగ్గా సెట్ చేసి పెట్టినప్పుడు సరిగ్గా అదే గుర్తొచ్చింది.

మన దగ్గర 5.1 ఉన్న ఇండ్లు తక్కువేం కాదు, కానీ అందరూ సినిమాకే వాడతారు, పాటలు పెట్టేటప్పుడు మాత్రం బ్లూటూత్ కలిపేసి ఐదు స్పీకర్లు మోగుతున్నాయి కదా ఇదే సరౌండ్ అనుకుంటారు. ఆల్బమ్‌లని వేరేగా కూర్చొని సరౌండ్ కోసమే మిక్స్ చేసినవి ఉన్నాయి, అవి వినాలంటే కొంచెం ఓపిక కావాల. ఖర్చు కంటే ఓపికే ఎక్కువ కావాల. అందుకే నేను చెప్పే వరస వేరే ఉంటాది: ముందు రూము, తర్వాత స్పీకర్లు పెట్టే చోటు, తర్వాత వైర్లు, సెట్టింగులు, ఆఖరికి పాట ఫైలు. అందరూ ముందు డబ్బా కొంటారు, రూము గురించి ఆలోచించేది ఎవరూ లేరు.

మొదటి పని: చప్పట్లు కొట్టి చూడండి

రూములో మధ్యలో నిల్చొని గట్టిగా ఒక చప్పట కొట్టండి. "టప్" అని అక్కడికే ఆగిపోతే మీరు అదృష్టవంతులు. మా ఇండ్లల్లో ఆగదు, "టప్‌జ్‌జ్‌జ్" అని ఒక తీగ లాగినట్టు సాగుతాది. ఎందుకంటే కింద బేతంచెర్ల బండలు, లేకుంటే తాడిపత్రివి, లేకుంటే కడప నల్లబండలు, చుట్టూ సిమెంటు గోడలు, పైన ఆర్‌సీసీ స్లాబు, అన్నీ గట్టివే. శబ్దం ఎదురెదురు గోడల మధ్య బంతి మాదిరి ఆడుకుంటా ఉంటాది. సరౌండ్ మిక్స్‌లో వెనక స్పీకర్లకి పంపేది చానాసార్లు ఆ స్టూడియోదో, హాలుదో సన్నటి ప్రతిధ్వని. దాని మీద మీ రూము ప్రతిధ్వని వచ్చి పడితే సున్నం మీద సున్నం కొట్టినట్టే, లక్ష రూపాయల స్పీకర్లు పెట్టినా ఏదీ విడిగా తెలీదు.

దీనికి ఫోమ్ షీట్లు కొనాల్సిన పని లేదు. మీరు కూర్చునే చోటుకీ ముందు స్పీకర్లకీ మధ్యలో నేల మీద మందం జంపఖానా పరచండి. వెనక గోడకి బొంత వేలాడదీయండి, మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత మూడు పొరలది, గోడకి ఆనించకుండా రెండు అంగుళాలు ఎడం ఉండేటట్టు కర్రకి వేసి కట్టినా, అంత ఎడం ఉంటే ఇంకా బాగా పీలుస్తాది. పక్క గోడల మీద ఎక్కడ వేయాలో తెలుసుకోవడానికి అద్దం వాడండి. మీరు మీ చోట్లో కూర్చోండి, ఇంట్లో ఎవర్నయినా చిన్న అద్దం పట్టుకొని పక్క గోడ వెంబడి మెల్లగా నడవమనండి, అద్దంలో మీకు స్పీకర్ ఎక్కడ కనిపిస్తే శబ్దం అక్కడే తగిలి మీ చెవికి వస్తాది. ఆ చోట బొంతో, పుస్తకాల అరో ఉంటే చాలు.

పల్చటి కర్టెన్లు "స్" "ష్" లాంటి పైశబ్దాల్ని మాత్రమే తగ్గిస్తాయి, బేస్‌ని ఏం చెయ్యలేవు. బేస్‌కి మందం కావాల. దూది పరుపు చుట్టి రెండు మూలల్లో నిలబెట్టినా మా హాల్లో, ఆదోని పత్తి దొరికే జిల్లాలో ఉండి దీనికి కూడా ఆలోచిస్తే ఎట్ల. మరీ అన్ని గోడలూ కప్పేయొద్దు కానీ, పాట ఊపిరాడనట్టు అయిపోతాది. చప్పట మళ్లీ కొట్టి ఆ తీగ సాగుడు పోయిందంటే ఆపేయండి.

రెండో పని: తాడు, టేపు తీసుకోండి

దీనికి ఒక సాయంత్రం మొత్తం పెట్టండి. నేను మా 10×12 అడుగుల హాలు లెక్క చెప్తా, మీ రూముకి మార్చుకోండి.

ముందు ఒకే పొడవు తాళ్లు మూడు, ఒక్కోటి ఆరు అడుగులు. ఒక తాడు ఎడమ స్పీకర్ నుంచి కుడి స్పీకర్‌కి, ఇంకో రెండు ఆ రెండు స్పీకర్ల నుంచి మీ తల ఉండే చోటుకి. మూడూ బిగుతుగా లాగితే సమబాహు త్రిభుజం వస్తాది కదా, అప్పుడు ముందు స్పీకర్లు మీ ముక్కుకి చెరో పక్క 30 డిగ్రీల్లో పడతాయి, చానా స్టూడియోలు వాడే ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) పద్ధతి ఇదే. పది అడుగుల వెడల్పులో ఆరు అడుగులు పోతే చెరో పక్క రెండడుగులు మిగుల్తాది, గోడకి అతుక్కోకుండా ఉంటాది. ముందు గోడ నుంచి స్పీకర్లని ఒకటిన్నర అడుగు ముందుకి లాగితే మీ తల ముందు గోడకి దాదాపు 6.7 అడుగుల దూరంలో వస్తాది, వెనక ఇంకా ఐదడుగులు పైనే ఖాళీ ఉంటాది. ఆ ఖాళీ చానా ముఖ్యం. మనవాళ్లు మంచమో సోఫానో వెనక గోడకి ఆనించి పెడతారు, అక్కడ బేస్ ఉబ్బిపోతాది, వెనక స్పీకర్లకి చోటే ఉండదు.

వెనక స్పీకర్లు అంటే సరిగ్గా వీపు వెనక అనుకోవద్దు. ముందు మధ్య నుంచి కొలిస్తే 110 డిగ్రీలు, అంటే చెవులకి కొంచెం వెనకగా, పక్కలకే. మా హాల్లో తల నుంచి నాలుగున్నర అడుగుల దూరంలో, చెవి గీత కంటే ఒకటిన్నర అడుగు వెనకకి పడ్డాయి. ముందువాటి మాదిరి ఆరడుగులు లేవే అని దిగులుపడొద్దు, ఆ తేడాని రిసీవర్ (స్పీకర్లన్నింటినీ నడిపే డబ్బా) ఆలస్యంతో సరిచేస్తాది. ఈ కోణం ఎందుకంటే మరీ వెనక్కి పెడితే ముందుకీ వెనక్కీ మధ్యలో పక్కలన్నీ బోడిగా అయిపోయి పాట రెండు ముక్కలైనట్టు వినిపిస్తాది.

ఎత్తు: సినిమా కోసమైతే వెనకవాటిని కొంచెం పైకి పెట్టమంటారు, సంగీతానికి మాత్రం ఐదూ చెవి ఎత్తులో ఉంటేనే బాగుంటాది. నేను కింద పరుపు మీద కూర్చొని వింటా కాబట్టి నా చెవి నేలనుంచి రెండుంపావు అడుగుల్లో ఉంటాది, కుర్చీలో కూర్చునేవాళ్లకి మూడుంపావు దాకా వస్తాది, మీరు కూర్చొని టేపుతో కొలిపించుకోండి. సెంటర్ స్పీకర్ టీవీ కింద పెట్టాల్సొస్తే ముందు వైపు కింద రబ్బరు ముక్కలు పెట్టి మూతి మీ మొహం వైపు ఎత్తండి.

ఇంగ సబ్‌వూఫర్. దీనికి అందరూ మూల చూపిస్తారు, వినకండి. సబ్‌ని ఎత్తి మీరు కూర్చునే చోటే పెట్టండి. బేస్ గిటార్ ఒక్కో స్వరం ఎక్కి దిగే పాట ఒకటి తిప్పి తిప్పి పెట్టండి. ఇప్పుడు మీరు ముందు గోడ వెంబడి, పక్క గోడల వెంబడి కింద మోకాళ్ల మీద పాక్కుంటా తల సబ్ ఎత్తులో పెట్టి వినండి. ఒక చోట కొన్ని స్వరాలు "బుమ్మ్" అని ఉబ్బుతాయి, ఇంకో చోట ఆ స్వరమే మాయమైపోతాది, ఎక్కడో ఒక చోట మాత్రం అన్ని స్వరాలూ ఒకే బరువుతో వినిపిస్తాయి. సబ్ చోటు అదే. మా రూములో 12 అడుగుల పొడవు వల్ల 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పు వల్ల 56 దగ్గర ఉబ్బు వస్తాది, ఇది గోడల కొలతతో వచ్చేది, ఏ కంపెనీ సబ్ కొన్నా పోదు. మా సబ్ ఆఖరికి ఎడమ గోడ వెంబడి, మూలకి మూడడుగుల ఇవతల కుదిరింది.

వైర్లు

వైరు కొనేటప్పుడు చివర బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. ఇంత చిన్న రూముకి 16 గేజ్ రాగి వైరు బాగా సరిపోతాది.

ఎర్ర చివర ఎర్రదానికే, నల్లది నల్లదానికే. మా ఇంట్లో ఒక ముందు స్పీకర్‌కి నేనే తిరగేసి పెట్టి నెల రోజులు విన్నా, గాయకుడి గొంతు ఎక్కడుందో తెలీకుండా తల చుట్టూ తేలుతా ఉంటే మిక్సే అట్ల ఉందనుకున్నా. పాత రేడియో మెకానిక్‌లు చేసే పని ఒకటి ఉంది: రిసీవర్ నుంచి వైర్లు రెండూ తీసేసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్సుకి ఎర్ర వైరు, మైనస్సుకి నల్లది ఒక్క క్షణం తాకించండి. వూఫర్ కోన్ బయటికి ఉబికితే సరిగ్గా ఉన్నట్టు, లోపలికి పోతే ఎక్కడో తిరగబడినట్టు. ఐదింటికీ చేయండి, పది నిమిషాల పని.

కనెక్షన్: ఇక్కడే ఎక్కువమంది మోసపోయేది

నేను మొట్టమొదట సెట్ కొన్నప్పుడు షాపాయన ఫోన్ బ్లూటూత్‌లో కలిపి ఐదు స్పీకర్లూ మోగించి "చూడన్నా ఫుల్ సరౌండ్" అని చూపించినాడు. ఒక సంవత్సరం అట్లనే విన్నా. బ్లూటూత్‌లో పాట వచ్చేది రెండు ఛానెళ్లే, ఆ రెండింటినే ఐదింట్లోకి పంచి మోగిస్తాది. నాకు ఆ సంవత్సరం మీద ఇప్పటికీ బాధే.

ఆప్టికల్ వైరులో పాత డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 వస్తాయి, అట్మాస్ (పైనుంచి వచ్చే శబ్దాలు కూడా ఉండే డాల్బీ కొత్త పద్ధతి) రాదు. టీవీ నుంచి హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కి పంపే దారి) అయితే స్ట్రీమింగ్‌లో వచ్చే అట్మాస్ వస్తాది, బ్లూరే డిస్కులో ఉండే ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గని డాల్బీ శబ్దం) రావాలంటే ఆర్క్‌లోనే పెద్ద రకం ఈ-ఆర్క్ కావాల. వీలైతే టీవీని మధ్యలో పెట్టకుండా ప్లేయర్‌నో ల్యాప్‌టాప్‌నో నేరుగా రిసీవర్ హెచ్‌డీఎంఐకే కలపండి, గొడవే ఉండదు. పాట మొదలయ్యాక రిసీవర్ ముందు ఉన్న చిన్న డిస్‌ప్లే చూడడం అలవాటు చేసుకోండి. అక్కడ లోపలికి వచ్చేది అట్మాస్ అనో, మల్టీ ఛానెల్ అనో, డీటీఎస్ అనో చూపిస్తే నిజం. రెండు ఛానెళ్లే వస్తున్నాయని చూపిస్తే ఐదు స్పీకర్లు ఎంత మోగినా అది స్టీరియోనే.

సెట్టింగులు

రిసీవర్‌తో మైకు వస్తాది, దాన్ని చెవి ఎత్తులో స్టాండు మీద పెట్టి కొలవనివ్వండి. కొలిచేటప్పుడు ఫ్యాన్, కూలర్, వీలైతే ఫ్రిజ్ కూడా ఆపేయండి, మైకుని చేత్తో పట్టుకోవద్దు. అది అయ్యాక మాత్రం మీరే మెనూలోకి పోయి చూడాల. డిజైన్ బట్టి కొన్నిసార్లు ముందు స్పీకర్లని "లార్జ్" అని పెట్టేస్తాది, అన్నింటినీ "స్మాల్" చేసి క్రాసోవర్ (దీనికి కింది బేస్ సబ్‌కి పోయే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి, మరీ చిన్న స్పీకర్లయితే 100, 120. స్పీకర్ల దూరాలు టేపుతో సరిచూసుకోండి. శబ్దం ఒక అడుగు పోవడానికి దాదాపు 0.9 మిల్లీసెకను పడతాది, నాలుగున్నర అడుగుల స్పీకర్‌ని ఆరడుగులదానితో కలపడం అంటే దాన్ని దాదాపు 1.3 మిల్లీసెకన్లు ఆపి వదలడం, రిసీవర్ చేసేది ఇదే. సబ్ దూరం మాత్రం నిజం దూరం కంటే ఎక్కువ చూపిస్తే మార్చొద్దు, సబ్ లోపలి సర్క్యూట్ ఆలస్యం కూడా లెక్క కట్టుకొని పెట్టింది అది.

డెనాన్, మరాంట్జ్ రిసీవర్లు వాడేవాళ్లకి ఒక మాట: ఆడిస్సీలో (మైకుతో రూము కొలిచి శబ్దం సరిచేసే పద్ధతి) డైనమిక్ ఈక్యూ అని ఉంటాది, వాల్యూమ్ తక్కువున్నప్పుడు అది బేస్‌తో పాటు వెనక స్పీకర్లని కూడా పెంచేస్తాది. సినిమాకి బాగుంటాది కానీ ఆల్బమ్‌లో బ్యాలన్స్ చెడిపోతాది. ఆపేయండి, లేకుంటే రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్ 10 లేదా 15 పెట్టుకోండి. నైట్ మోడ్ కూడా సంగీతానికి వద్దు, మెల్లగా మొదలై పెద్దదయ్యే పాటని చదును చేసేస్తాది.

పాటలు ఎక్కడ దొరుకుతాయి, నకిలీని ఎట్ల పట్టాలి

సరౌండ్ ఆల్బమ్‌లు కొత్తవేం కాదు. 1970ల్లోనే నాలుగు స్పీకర్ల క్వాడ్ రికార్డులు వచ్చినాయి. 1999లో ఎస్‌ఏసీడీ, 2000లో డీవీడీ ఆడియో అని సీడీ కంటే మంచి నాణ్యతతో సరౌండ్ కూడా పట్టే డిస్కులు వచ్చినాయి, ఆ పదేళ్లల్లో వచ్చిన 5.1 మిక్స్‌లే ఇప్పటికీ ఎక్కువమంది వెతుక్కునేది. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" 2003లో 5.1 ఎస్‌ఏసీడీగా వచ్చింది, గడియారాలన్నీ ఒక్కసారి మోగే చోట రూము చుట్టూ ఏ గడియారం ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. ఎస్‌ఏసీడీలకి రీజియన్ కోడ్ (దేశాన్ని బట్టి డిస్కుకి వేసే తాళం) గొడవ లేదు, సోనీ యూబీపీ-ఎక్స్800 లాంటి ప్లేయర్లు ఎస్‌ఏసీడీ, డీవీడీ ఆడియో రెండూ ఆడిస్తాయి. డిస్కులు మాత్రం బయట దేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే, కర్నూల్లో కాదు కదా హైదరాబాద్ కోఠిలో తిరిగినా నాకు దొరకలేదు.

డిస్కుల జోలికి పోనివాళ్లకి ఇప్పుడు సులువు దారి స్ట్రీమింగ్. యాపిల్ మ్యూజిక్‌లో 2021 జూన్ నుంచి డాల్బీ అట్మాస్ పాటలు వస్తున్నాయి, యాపిల్ టీవీ 4కే డబ్బాని అట్మాస్ రిసీవర్‌కి కలిపి, సెట్టింగుల్లో మ్యూజిక్‌కి డాల్బీ అట్మాస్ ఆన్ చేస్తే చాలు. ఆల్బమ్ పేజీలో డాల్బీ గుర్తు ఉందో లేదో చూడండి, అన్నింటికీ ఉండదు.

యూట్యూబ్‌లో "8డీ ఆడియో" అని వస్తాయి చూడండి, అవి ఇయర్‌ఫోన్ కోసం స్టీరియోని అటూ ఇటూ తిప్పినవి, మన ఐదు స్పీకర్లతో వాటికి సంబంధం లేదు. "5.1 డాల్బీ తెలుగు సాంగ్స్" అని టైటిల్ పెట్టినవి కూడా చానామటుకు స్టీరియోనే. ఇంగ ఫైలు రూపంలో 5.1 ఫ్లాక్ (నాణ్యత తగ్గని పాట ఫైలు) అని మీ దగ్గర ఉంటే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, ఇది ఉచితంగా దొరికేదే. ఆరు వరసలు కనిపించాల: ఎడమ, కుడి, సెంటర్, సబ్, ఎడమ వెనక, కుడి వెనక. ఒక్కో వరసని సోలో నొక్కి వినండి. వెనక వరసల్లో ముందుదే పాట మెల్లగా, కొంచెం గుహలో పాడినట్టు వస్తాంటే ఎవరో స్టీరియోని ఉబ్బించి చేసిన నకిలీ కావొచ్చు. నిజమైన మిక్స్‌లో వెనక ఒక్కోసారి ఏమీ ఉండదు, ఉన్నట్టుండి ఒక్క కోరస్సో ఒక్క గిటారో మాత్రం వచ్చి పోతాది. ఆ నిశ్శబ్దమే దాని సాక్ష్యం.

డీటీఎస్ సీడీలు మన దగ్గర కూడా ఒకప్పుడు బాగా తిరిగినాయి. మామూలు ప్లేయర్‌లో పెడితే నీళ్ల కొళాయి విప్పినట్టు "బుస్స్" మని వస్తాది, సీడీ పాడైందని పారేయొద్దు. లోపల ఉండేది డీటీఎస్ డేటా, దాన్ని విప్పే రిసీవర్‌కి డిజిటల్ వైరులో పంపాల. ల్యాప్‌టాప్ నుంచి పంపితే ప్లేయర్ వాల్యూమ్, విండోస్ వాల్యూమ్ రెండూ 100లో పెట్టండి. కొంచెం తగ్గించినా లెక్క చెదిరి మళ్లీ బుస్సే.

పాత తెలుగు పాటలు, ఘంటసాల, సుశీల కాలం నాటివి, చానామటుకు మోనోలో (ఒకే ఛానెల్‌లో) రికార్డయినవి. వాటిని డాల్బీ సరౌండ్, న్యూరల్ ఎక్స్ లాంటి మోడ్‌లల్లో పెట్టి నాలుగు వైపులా చల్లొద్దని నా మనవి. స్టీరియో మోడ్‌లో పెట్టి కళ్లు మూసుకుంటే గొంతు రెండు స్పీకర్ల మధ్యలో నిలబడతాది, ఆ పాటకి ఆ ఒక్క చోటే చాలు.

కరెంటు, హమ్మింగు

పాట లేనప్పుడు సబ్‌లోంచి "మ్‌మ్‌మ్" అని వస్తాంటే ముందు కేబుల్ టీవీ వైరుని సెట్‌టాప్ బాక్సు నుంచి పీకి చూడండి. చానా ఇండ్లల్లో అక్కడితో ఆగిపోతాది. ఆగకుంటే ఎర్తింగ్ చూపించండి. మన నేల ఎండాకాలం గట్టిగా ఎండిపోతాది, ఎర్తు గుంతలో తడి లేకుంటే ఎర్తు ఉన్నా లేనట్టే, వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తే సరిపోతాది. ఇన్వర్టర్ ఉంటే సైన్‌వేవ్‌దే ఉండాల, స్క్వేర్ వేవ్‌దానికి రిసీవర్ కలపొద్దు. రిసీవర్‌ని మూసిన అల్మారాలో పెట్టొద్దు, మే నెల్లో 42 డిగ్రీలప్పుడు దాని వేడికి అదే ఆరిపోతాది, పైన నాలుగంగుళాలు గాలి ఆడనివ్వండి.

పైకప్పు స్పీకర్ల గురించి ఒక్క మాట. అట్మాస్ కోసం శబ్దాన్ని పైకి కొట్టి కప్పు నుంచి తిప్పే స్పీకర్లు వస్తాయి, వాటికి చదునైన స్లాబు కావాల. దూలాలు, దంతెలు ఉండే పాత మట్టిమిద్దె ఇండ్లల్లో ఆ శబ్దం దంతెల మధ్యే చెదిరిపోతాది, అక్కడ డబ్బులు పెట్టొద్దు. ఐదూ సరిగ్గా కుదిరినాకే పైవాటి గురించి ఆలోచించండి.

ఇంగ వినడం

కొన్ని మిక్స్‌లు మిమ్మల్ని కచేరీ హాల్లో ముందు వరసలో కూర్చోబెడతాయి, వెనక నుంచి హాలు గాలి, చప్పట్లు మాత్రమే వస్తాయి. ఇంకొన్ని వాయించేవాళ్ల మధ్యలో కూర్చోబెడతాయి, చెక్కభజన మాదిరి. మొదటి రకంలో వెనక స్పీకర్లు మోగుతున్నాయని తెలుస్తా ఉంటే ఎక్కువైనట్టు, ఒక డెసిబెల్ తగ్గించండి. పాట మధ్యలో వాటిని ఆపితే రూము ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపిస్తే సరిగ్గా కుదిరినట్టు. రెండో రకంతో లెవెళ్లు సెట్ చేయొద్దు, మిక్స్ చేసినాయన ఏది ఎక్కడ పెట్టాలనుకున్నాడో మీకు తెలీదు కదా.

ఒక పాట విని ఆపేయకుండా ఆల్బమ్ మొదటి నుంచి ఆఖరి దాకా, దాదాపు 45 నిమిషాలు, ఫోను ఇంకో రూములో పెట్టి వినండి. సీలింగ్ ఫ్యాన్ నాలుగులో తిరుగుతుంటే వెనక స్పీకర్లల్లో సన్నటి శబ్దాలన్నీ అది మింగేస్తాది, అందుకే ఎండాకాలం నేను తెల్లారుజాము ఐదింటికే పెడతా, వాల్యూమ్ తక్కువ ఉన్నా సరిపోతాది. ఆల్బమ్ అయిపోయేసరికి వీధిలో పాలబండి వస్తాది, అప్పుడు లేచి కూలర్‌లో నీళ్లు పోస్తా.